మే నెల కర్నూల్లో సముద్రపు గుర్రం బతకాలంటే

ఫోన్లో సీహార్స్ వీడియో ఒకటి కనబడిందంటే పది నిమిషాలైనా మనిషి కన్ను తిప్పడు. గుర్రం తల, కోతి తోక, రెండు కళ్ళు రెండు దిక్కులకి తిరుగుతా ఉంటాయి, పైగా కడుపు మోసేది మగది. తెలుగులో సముద్రపు గుర్రం అంటాం, కొందరు నీటిగుర్రం అనేస్తారు గానీ అది వేరే, అది ఆఫ్రికా నదుల్లో ఉండే హిప్పో. కర్నూల్లోనో కడపలోనో అనంతపురంలోనో గోల్డ్ ఫిష్ నుంచి మొదలుపెట్టి గప్పీలు, ఆస్కార్లు అన్నీ పెంచేసినవాళ్ళకి ఏదో ఒకరోజు ఈ ప్రశ్న వస్తుంది, ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టి ఇంట్లో సీహార్స్ పెంచొచ్చా అని. షాపులో అడిగితే ఒక్కోచోట గొంతు తగ్గించి "జత ఉండాదన్నా, ఎవురికీ చెప్పొద్దు, బెంగళూరు నుంచి తెప్పిస్తా" అంటారు. ఎవరికీ చెప్పొద్దు అంటున్నాడంటే ఎందుకంటున్నాడో ముందు తెలుసుకోవాలి.

ఎందుకంటే మన దేశంలో సముద్రపు గుర్రానికి పులికి ఉన్నంత రక్షణ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లోకి 2001లో సీహార్సుల్ని, వాటి కుటుంబం మొత్తాన్ని చేర్చారు. పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం, ఎండబెట్టినవి దాచుకోవడం, అన్నీ నేరమే. శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25 వేలు. "సరే, సీహార్స్ వద్దు, పైప్‌ఫిష్ తెచ్చుకుందాం" అనుకుంటారు కొందరు, అదీ అదే కుటుంబం, అదే షెడ్యూలు. ప్రపంచం మొత్తానికీ చూస్తే 2002లో సైటీస్ ఒప్పందం, అంటే అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, దాని రెండో అనుబంధంలోకి సీహార్స్ జాతులన్నిటినీ చేర్చారు, 2004 మే నుంచి అది అమల్లో ఉంది, అంటే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోవాలంటే కాగితం ఉండాలి. విదేశాల్లో ట్యాంకుల్లోనే పుట్టి పెరిగిన సీహార్సులు అక్కడ మామూలుగా దొరుకుతాయి, మనం యూట్యూబ్‌లో చూసేవి ఎక్కువ శాతం అవే. అలాంటిదే ఇది అని ఇక్కడ ఎవరైనా అమ్మితే సైటీస్ పర్మిట్ ఏది, దిగుమతి కాగితం ఏది, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు ఏది అని అడగాలి, అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధిలో ట్రాల్ వలల్లో మిగతా చేపలతో పాటు పడిపోయిన సీహార్సే చేతులు మారి మారి షాపు దాకా వస్తుంది అనేది ఎక్కువ సందర్భాల్లో నిజం. వలలో నలిగి, ఐస్ మీద పడి, తిండి లేకుండా కవర్లో ప్రయాణం చేసిన జీవి అది. చట్టం సంగతి పక్కన పెట్టినా అది మన ట్యాంకులోకి దిగేటప్పటికే సగం చచ్చి ఉంటుంది.

అయినా ట్యాంకు గురించి ఇంత రాయడానికి కారణం ఉంది. సీహార్స్ ఎందుకు అంత తొందరగా చచ్చిపోతుందో అర్థమైతే ఉప్పునీళ్ళ ట్యాంకు మొత్తం అర్థమవుతుంది, మన రాయలసీమ ఊళ్ళల్లో ఆ ట్యాంకు ఎక్కడ తేడా కొడుతుందో కూడా అర్థమవుతుంది. చట్టానికి లోబడి పెంచగలిగే సముద్ర చేపలకి కూడా ఇవే లెక్కలు పనికొస్తాయి, కాకపోతే అక్కడ తప్పు చేస్తే క్షమించే తీరు కాస్త ఎక్కువ.

ముందు దాని పొట్ట సంగతి చూడాలి, ఎందుకంటే అసలు దానికి పొట్టే లేదు. పళ్ళూ లేవు. తిన్నది అన్నకోశంలో నిలవ ఉండి నెమ్మదిగా అరిగే ఏర్పాటు దానికి లేదు, గొట్టం లాంటి పేగులోంచి తొందరగా జారిపోతుంది, సగం అరిగీ అరక్కుండా బయటికి వచ్చేస్తుంది. అందుకని ఒక పూట బాగా తిని ఇంకో పూట పస్తుండే వీలు లేదు. పెద్ద సీహార్సుకి రోజుకి రెండు మూడు సార్లు, పిల్లలకైతే పగలంతా ఎప్పుడూ నోటి ముందు తిండి ఉండాలి. మన ఆస్కార్ చేప రెండు రోజులు ఊరికి పోయొచ్చినా పలకరిస్తుంది, సీహార్స్ ఆ రెండు రోజుల్లో చిక్కిపోతుంది, పొట్ట వైపు ఎముక ఫలకాల మధ్య చర్మం లోపలికి గుంటలు పడటం కంటికి కనబడుతుంది.

తినే పద్ధతి కూడా దగ్గర్నుంచి చూడాల్సిందే. మైసిస్ రొయ్య ఒకటి, వడ్లగింజ కంటే కాస్త పొడుగు ఉంటుంది, నీళ్ళల్లో మెల్లగా దిగుతా ఉంటుంది. సీహార్స్ తోక ఒక కొమ్మకి చుట్టుకుని కదలకుండా ఉంటుంది. ఒక కన్ను రొయ్య మీద, ఇంకో కన్ను ఇంకెక్కడో. తర్వాత రెండో కన్ను కూడా ఇటు తిరుగుతుంది. మూతి మెల్లగా, చాలా మెల్లగా రొయ్య దగ్గరకి జరుగుతుంది, నీళ్ళు కూడా కదలనంత మెల్లగా. అంతే, టిక్ మని చిన్న శబ్దం, గాజు దగ్గర చెవి పెడితే వినబడుతుంది, రొయ్య ఉన్న చోట రొయ్య లేదు. తల పైకి విసిరి గొట్టం మూతితో నీళ్ళతో సహా లాగేసుకోవడం సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఆ తల ఆకారమే అలా కుదిరింది, మూతి ముందు నీళ్ళు అలజడి పడకుండా దగ్గరికి చేరేలాగా. కానీ ఈ పద్ధతంతా నీళ్ళు నెమ్మదిగా ఉంటేనే. పక్కన ఒక డామ్సెల్ చేపో, టాంగ్ చేపో ఉందంటే సీహార్స్ రెండో కన్ను తిప్పేలోపు ఆ రొయ్య వాటి నోట్లో ఉంటుంది. అందుకే సీహార్స్ ట్యాంకులో వేరే చేపలు పెట్టొద్దు అంటారు, అవి కరుస్తాయని మాత్రమే కాదు, తిండి దగ్గర సీహార్స్ ఎప్పుడూ ఆఖర్న ఉండిపోతుందని.

ఈత కూడా అంతే. వీపు మీద ఉన్న ఒక్క చిన్న రెక్క సెకనుకి 35 సార్లు దాకా కొట్టుకుంటుంది, అయినా ముందుకు పోయేది అంగుళం అంగుళం. తోక ఈతకి పనికిరాదు, పట్టుకోవడానికే. పట్టుకునేది లేకపోతే అలిసిపోతుంది. కాబట్టి ట్యాంకులో రాళ్ళ కుప్ప కన్నా కొమ్మల్లాంటివి ఎక్కువ ఉండాలి, సముద్రపు నాచు అయినా సరే, ప్లాస్టిక్ సీగ్రాస్ అయినా సరే, దాని తోక చుట్టుకునే లావులో ఉంటే చాలు. కుట్టే పగడాలు, పువ్వులా ఉండి కుట్టే ఎనిమోన్లు అస్సలు వద్దు, పోయి వాటినే పట్టుకుంటుంది. పంపు నీళ్ళు పీల్చే చోట స్పాంజో జాలీనో కట్టకపోతే తోక పోయి అందులో ఇరుక్కుంటుంది. జత నిలబడి, పైకి లేచి, తోకలు పెనవేసుకుని ఆడుకునే జీవి కాబట్టి ట్యాంకు పొడుగు కన్నా ఎత్తు ముఖ్యం, ఎత్తు కనీసం అడుగున్నర, తోక చాపితే ఉండే పొడుగుకి మూడింతలు అని లెక్క వేసుకుంటారు. నీళ్ళు ఒక జతకి 110 లీటర్ల కంటే తగ్గకూడదు.

ఇప్పుడు నీళ్ళు. ఇక్కడే సీమ మొదలవుతుంది. అనంతపురం వైపు బోరు నీళ్ళల్లో టీడీఎస్ మీటర్, అంటే నీళ్ళల్లో కరిగిన లవణాలు ఎంతో చూపించేది, పెడితే వెయ్యి చూపించడం కొత్తేమీ కాదు, ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళు ఉన్నాయి, మున్సిపల్ నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది. సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలంటే ముందు నీళ్ళల్లో ఏమీ ఉండకూడదు, మీటర్ సున్నా చూపించాలి, మహా అయితే అయిదు. "మా ఇంట్లో ఆర్వో ఉంది కదా" అంటారు, కానీ వంటింటి ఆర్వో తాగడానికి రుచి కోసం మళ్ళీ మినరల్స్ కలుపుతుంది, టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటి ఉంటుంది, అది పచ్చి నీళ్ళు కొంచెం తెచ్చి కలిపేస్తుంది. కాబట్టి ఆ మినరల్ గొట్టం తీసేసి, చివర్లో మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెసిన్ పెట్టాలి. ఇంకో సంగతి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు: ఇళ్ళల్లో వాడే ఆర్వో ఒక లీటర్ మంచినీళ్ళకి మూడు నాలుగు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వారానికి 15 లీటర్లు మార్చాలంటే 50, 60 లీటర్లు వేస్టు గొట్టంలోంచి పోతాయి. ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు, ఆ నీళ్ళని డ్రమ్ములో పట్టి బండలు తుడవడానికీ బాత్రూముకీ వాడే ఏర్పాటు ముందే చేసుకున్నాకే ట్యాంకు గురించి ఆలోచించడం మర్యాద.

ఉప్పు అంటే వంటింటి కల్లుప్పు కాదు. అందులో ఉన్నది దాదాపు మొత్తం సోడియం క్లోరైడే, సముద్రపు నీళ్ళల్లో మెగ్నీషియం ఉంటుంది, కాల్షియం ఉంటుంది, పీహెచ్ పడిపోకుండా పట్టుకునే కార్బోనేట్లు ఉంటాయి. అక్వేరియం కోసం చేసిన మెరైన్ సాల్ట్ లీటరుకి 35 గ్రాముల చొప్పున కలపాలి, 120 లీటర్లకి నాలుగు కేజీలు దాటుతుంది. సాంద్రత, మంచినీళ్ళది 1 అనుకుంటే, 1.023 నుంచి 1.025, పీహెచ్ 8.1 నుంచి 8.4. కలిపిన నీళ్ళు ఒక రోజంతా పంపుతో తిప్పి, మర్నాడు ఉప్పు ఎంతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవాలి. దాని తర్వాత వచ్చేది ఓపిక. రాళ్ళు, ఇసక, ఫిల్టర్ పెట్టి, అమ్మోనియా పుట్టించి, దాన్ని తినే బ్యాక్టీరియా పుట్టేదాకా ఆగాలి, అది అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది, ఈ గొలుసు కుదరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా ట్యాంకులో ఏ ప్రాణీ దిగకూడదు. సీహార్స్ లాంటి గలీజుగా తినే జీవికైతే, అంటే సగం తిండి అరక్కుండానే కింద పడేసేదానికి, నురగతో పాటు మురికిని బయటికి లాగే ప్రొటీన్ స్కిమ్మర్ తప్పనిసరి అన్నట్టే.

ఇదంతా కుదిరినా సీమలో అసలు పరీక్ష వేడి. కర్నూల్లో మే నెల మధ్యాహ్నం 42, 43 మామూలే, ఒక్కోరోజు ఇంకా పైకి పోతుంది. సీహార్స్ ట్యాంకులో నీళ్ళు 20 నుంచి 23 డిగ్రీల మధ్య ఉండాలి, 24 దాటకుండా చూసుకోవాలి అని పెంచేవాళ్ళు చాలామంది చెప్తారు. ఇక్కడ చదివేవాళ్ళకి ఒక అనుమానం రావాలి, వస్తే మంచిది: మన్నార్ సింధుశాఖలో నీళ్ళు 27, 28 డిగ్రీలు ఉంటాయి గదా, అక్కడ హిప్పోకాంపస్ కుడా అనే జాతి హాయిగా ఉంది గదా, మరి ట్యాంకులో ఎందుకు 22?

దీనికి జవాబు విబ్రియో. నెల్లూరు, బాపట్ల వైపు రొయ్యల రైతుని అడిగితే ఈ పేరు వినగానే మొహం మారిపోతుంది, రొయ్యల చెరువుల్ని, రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీల్ని ముంచేసే బ్యాక్టీరియా గుంపు అది. సముద్రంలోనూ ఉంటుంది, కానీ సముద్రం పెద్దది, నీళ్ళు ఎప్పుడూ మారుతుంటాయి, పల్చగా ఉంటుంది. ట్యాంకులో 120 లీటర్లు, అందులో రోజుకి మూడుసార్లు రొయ్యలు వేస్తున్నాం, సగం అరగని తిండి పడుతోంది, విబ్రియోకి దీనికంటే పెళ్ళి భోజనం ఉండదు. వేడి పెరిగేకొద్దీ అది పెరిగే వేగం కూడా పెరుగుతుంది. చల్లగా ఉంచితే దాని జోరు తగ్గుతుంది, సీహార్స్ ఒంట్లో ఉన్న కాస్తో కూస్తో రోగనిరోధక శక్తి దాన్ని తట్టుకోగలుగుతుంది. 22 అనేది సీహార్సుకి ఇష్టమైన డిగ్రీ అనే కన్నా బ్యాక్టీరియాకి ఇష్టం లేని డిగ్రీ అనుకుంటే కరెక్టు. వేడి నీళ్ళల్లో ఊపిరి కూడా తక్కువే, సముద్రపు నీళ్ళు 25 డిగ్రీల దగ్గర లీటరుకి 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 దగ్గర 6.2 మాత్రమే పట్టుకుంటాయి. విబ్రియో తగులుకుంటే తోక కొసన చర్మం తెల్లగా అయి ఊడిపోవడం మొదలవుతుంది, మూతి కొస కరిగిపోతుంది. ఇంకో జబ్బు ఉంది, గ్యాస్ బబుల్ అంటారు, చర్మం కింద గాలి బుడగలు, మగది పిల్లల్ని మోసే పొట్ట సంచిలో గాలి చేరి అది తలకిందులుగా పైకి తేలిపోతుంది, దించుదామన్నా దిగలేదు. చూడటానికి చాలా బాధగా ఉండే దృశ్యం అది. వైద్యం చేసే పశువైద్యుడు దొరకడం పెద్ద ఊళ్ళల్లోనే కష్టం, మన జిల్లా కేంద్రాల్లో ఇంక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక మధ్యాహ్నం ఊహించుకోండి. రెండు గంటలకి కరెంట్ పోయింది. గదిలో ఏసీ ఆగింది, ట్యాంకు నీళ్ళని చల్లబరిచే చిల్లర్ ఆగింది, గది నెమ్మదిగా 38కి ఎక్కుతోంది. ట్యాంకులో 120 లీటర్ల నీళ్ళు, ఒక్క డిగ్రీ ఎక్కాలంటే 500 కిలోజౌళ్ళ వేడి లోపలికి రావాలి. అద్దం పల్చన, దాంట్లోంచి వేడి గంటకి దాదాపు 400 కిలోజౌళ్ళు వచ్చేస్తుంది అని లెక్క వేసుకోవచ్చు, అంటే గంటకి ముప్పావు డిగ్రీ. కరెంట్ ఆరింటికి వస్తే 22లో ఉన్న నీళ్ళు 25లో ఉంటాయి. ఒక్కరోజుకి పర్లేదు, వరసగా వారం రోజులు ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటే చెడిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పని ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన వాటర్ బాటిల్ ట్యాంకులో వేయడం, అది మంచి పనే, లెక్క కూడా కుదురుతుంది: ఒక లీటర్ ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ళు, కరిగిన నీళ్ళు 22కి రావడానికి ఇంకో 90, మొత్తం 420 పైచిలుకు లాగేసుకుంటుంది. అంటే ఒక బాటిల్ ఒక గంట కొనుక్కొస్తుంది. నాలుగు గంటల కోతకి నాలుగు బాటిళ్ళు, ఒక్కసారిగా కాదు, గంటకొకటి. బాటిల్ మూత బిగుతుగా ఉందో లేదో చూసుకోవాలి, లోపలి మంచినీళ్ళు కారితే ఉప్పు పల్చబడుతుంది. ఇన్వర్టర్ మీద పంపు, ఎయిర్ పంపు పెట్టుకోవచ్చు, అవి పది ఇరవై వాట్లే, గంటలు గంటలు నడుస్తాయి, కానీ చిల్లర్‌లో కంప్రెసర్ ఉంటుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంట్‌కి మామూలు ఇంటి ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. పైగా చిల్లర్ ట్యాంకు వేడిని తీసి అదే గదిలోకి వదులుతుంది, కిటికీ మూసిన చిన్న గదిలో చిల్లర్ పెడితే అది తన వేడితో తనే కొట్లాడుతూ ఉంటుంది.

ఆవిరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఎండ పొడి ఎండ, ట్యాంకు మూత తీసి పైన ఫ్యాన్ పెడితే రోజుకి రెండు మూడు లీటర్లు గాల్లో కలిసిపోతాయి. పోయేది నీళ్ళే, ఉప్పు పోదు. రెండు రోజులు మర్చిపోతే ఆరు లీటర్లు తగ్గుతాయి, లీటరుకి 35 గ్రాములు ఉన్న ఉప్పు 37 దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి తగ్గిన నీళ్ళని మంచి ఆర్వో నీళ్ళతో నింపాలి, ఉప్పునీళ్ళతో కాదు. కొత్తగా పెట్టినవాళ్ళు ఎక్కువగా ఇక్కడే పొరపాటు పడతారు, "ఉప్పునీళ్ళ ట్యాంకు కదా" అని ఉప్పునీళ్ళే పోస్తారు, వారం తిరిగేసరికి సాంద్రత 1.028కి పోయి ఉంటుంది. దానికంటే ఆటోమేటిక్ టాప్-అప్ అని చిన్న ఫ్లోట్ స్విచ్, చిన్న పంపు, ఒక 20 లీటర్ల క్యాను పెట్టుకుంటే ఊరికి వెళ్ళినా గుండె కొట్టుకోకుండా ఉంటుంది.

తిండి కథ ఇంకొకటి. ఎండు గుళికల తిండి సీహార్స్ తినదు, బతికి కదిలేదైనా ఉండాలి, లేదంటే అలవాటు చేసిన ఫ్రోజెన్ మైసిస్ అయినా ఉండాలి. ఫ్రోజెన్ సరుకు బెంగళూరు నుంచి అనంతపురానికో, హైదరాబాద్ నుంచి కర్నూలుకో బస్సు పార్సిల్లో వస్తుంది, రెండూ దగ్గర దగ్గర 215 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు, థర్మోకోల్ డబ్బాలో డ్రై ఐస్ లేకపోతే దారిలో కరిగి ఇంటికొచ్చాక మళ్ళీ గడ్డ కడుతుంది. కరిగి మళ్ళీ గడ్డకట్టిన రొయ్య బయటికి బాగానే ఉంటుంది, లోపల కుళ్ళు మొదలై ఉంటుంది, దాంతో పాటు విబ్రియో కూడా ఫ్రీగా వస్తుంది. డబ్బా తెరవగానే ముక్కలన్నీ ఒకే ముద్దగా అతుక్కుని ఉంటే వాడకూడదు. ఆర్టీమియా అనే చిన్న రొయ్యలాంటి జీవి గుడ్లు మాత్రం మనకి తేలిక, రొయ్యల హేచరీలకి అదే తిండి కాబట్టి కోస్తా నుంచి తెప్పించుకోవచ్చు, ఉప్పునీళ్ళల్లో గాలి పెట్టి 24 గంటలు ఉంచితే పొదిగిపోతాయి. కానీ పెద్ద ఆర్టీమియాలో సత్తువ తక్కువ, దానికి ముందు మంచి నూనె తిండి పెట్టి, ఆ తర్వాత చేపకి పెట్టాలి, అంటే తిండికి తిండి పెట్టాలన్నమాట.

మగది కనడం గురించి ఒక ముక్క. తెల్లారగానే జత రెండూ రంగు లేతబడి, తోకలు పట్టుకుని ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం, ఆడది గుడ్లని మగదాని పొట్ట సంచిలో పెట్టడం, రెండు నుంచి నాలుగు వారాలు మగది మోసి, ఒక రాత్రి ఒళ్ళంతా వంచి వంచి వందల పిల్లల్ని చిమ్మేయడం, కొన్ని జాతుల్లో వెయ్యి కూడా దాటుతాయి. సముద్రంలో అందులో బతికేవి వెయ్యికి ఐదు కూడా ఉండవు అని అంచనా. ట్యాంకులో బతికించాలంటే అంత చిన్న నోటికి సరిపోయే కోపిపాడ్స్ అనే సన్నటి జీవులు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా, పగలంతా ఆపకుండా వేస్తుండాలి. తమిళనాడులోని మండపం అనే ఊళ్ళో ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రంలో కుడా జాతిని ట్యాంకుల్లో పిల్లలు పెట్టించారు, పెద్ద సంస్థ, పక్కనే సముద్రం, మనుషులు షిఫ్టుల్లో. ఇంట్లో ఉద్యోగం చేసుకుంటూ ఆ పని చేస్తామనుకోవడం ఆ పిల్లలకి అన్యాయం. 1996లో అమాండా విన్సెంట్, హెదర్ కోల్డ్‌వే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి సీహార్సుల సంరక్షణ కోసం ప్రాజెక్ట్ సీహార్స్ మొదలుపెట్టినప్పటి నుంచి ప్రపంచమంతా లెక్కలు కడుతున్నది ఇదే, వలలో పడేవి, ఎండబెట్టి మందులకి పోయేవి, అక్వేరియంకి పోయేవి ఎన్ని అని.

ఎవరింట్లోనైనా ఇప్పటికే సీహార్స్ ఉంటే, ఎలా వచ్చినా సరే, తుంగభద్రలోనో పెన్నలోనో వదిలేయడం మాత్రం చేయకూడదు, అది మంచినీళ్ళు, అందులో బతకదు. వేరేవాళ్ళకి అమ్మడమూ నేరమే. జిల్లా అటవీ శాఖ ఆఫీసుకి తెలియజేయడమే దారి.

మరి ఉప్పునీళ్ళ మీద మనసు పడినవాళ్ళు ఏం చేయాలంటే, మన దేశంలోనే హేచరీల్లో పుట్టిన క్లౌన్ ఫిష్ ఉన్నాయి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలు ఉండేవి. కొనేటప్పుడు ట్యాంకులో పుట్టిందే అని బిల్లు మీద రాయించుకోవాలి. వాటికి పొట్ట ఉంది, గుళికలు తింటాయి, ఒక పూట తప్పినా తట్టుకుంటాయి. ముఖ్యంగా వాటికి 25 నుంచి 27 డిగ్రీలు చాలు, 28 దాకా పోయినా ఇబ్బంది పడవు. ఇక్కడ మన పొడి ఎండే సాయానికి వస్తుంది. విశాఖలో గాల్లో తేమ ఎక్కువ, నీళ్ళ మీద ఫ్యాన్ తిప్పినా ఆవిరి పెద్దగా పోదు, చల్లబడదు. కర్నూల్లో మే నెల గాలి కూలర్‌కి ఎలా పనికొస్తుందో ట్యాంకుకీ అలాగే పనికొస్తుంది, బయట 41 ఉండి తేమ 20 శాతం ఉన్నరోజు పైన చిన్న ఫ్యాన్ తిప్పితే నీళ్ళు 27, 28 దగ్గర నిలబడే అవకాశం ఉంది. మూత తీసి జాలీ పెట్టాలి, టాప్-అప్ క్యాను నింపి ఉంచాలి, లైట్లు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఆరింటి నుంచి వెలిగేలా టైమర్ పెట్టుకోవాలి, ట్యాంకుని పడమటి గోడకి ఆనించకుండా ఉత్తరం వైపు గదిలో పెట్టుకోవాలి. ఏప్రిల్ ఒకటి నుంచి జూన్ చివరి దాకా ఒక నోటు పుస్తకంలో పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి నీళ్ళ డిగ్రీలు, సాంద్రత రాసుకుంటూ పోతే ఆ మూడు నెలల పేజీలు చూసుకోగానే తెలిసిపోతుంది, ఆ ఇంట్లో 22 డిగ్రీల ట్యాంకు సాధ్యమా కాదా అని.